బరువు తగ్గడానికి నలుగురి తోడు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకు వస్తుంది. ఏటా ఈ రోజున ఈ వేదిక మీద డి.ఎ. బకాయిల గురించి, పి.ఆర్.సి. గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఆ విషయాలు నాకంటే బాగా చెప్పగల వక్తలు చాలామందే ఉన్నారు. నేను 34 ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన వాణ్ణి. డాక్టర్ని కాను. అయినా కార్యదర్శిగారు "మీ శనివారం గుంపు సంగతి ఓ ఇరవై నిమిషాలు చెప్పండి, తర్వాత మీ దరఖాస్తు సంగతి చూద్దాం" అన్నారు. ఆ దరఖాస్తు ఏమిటో చివర మనవి చేస్తాను.

ముందుగా లెక్కలు. మన దేశస్థుల శరీరతత్వాన్ని బట్టి వైద్యులు మనకు వేరే కొలతలు పెట్టారు. కిలోలలో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. అంటే 5 అడుగుల 5 అంగుళాల మనిషి 62, 63 కిలోలు దాటిన దగ్గర నుంచి జాగ్రత్త పడాలి. 68 దాటితే స్థూలకాయం కిందే లెక్క. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు మించరాదు. ఇది పంచె కట్టే చోట కాదు, బొడ్డు దగ్గర చూసుకోవాలి. మనలో చాలామంది పంచె పొట్ట కింద కట్టి, నడుము పెరగలేదని సంతోషిస్తూ ఉంటారు. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా చేయించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. పెద్దవారిలో 39.5 శాతం మందికి పొట్ట దగ్గర కొవ్వు అధికంగా ఉన్నదని తేలింది. ఈ హాల్లో తలెత్తి చూస్తే ఆ శాతం ఇంకొంచెం ఎక్కువే అనిపిస్తోంది, క్షమించాలి.

అయితే ఈ కొలతలు మనకు తెలియనివి కావు. నా మందుల చీటీలన్నీ ఒక ఫైలులో పెట్టుకున్నాను. తీసి చూస్తే 11 ఏళ్ళ పాటు ప్రతి చీటీ అడుగున "బరువు తగ్గాలి" అన్న మాట ఉంది. ఏ ఏడాదికి ఆ ఏడాది అది పెండింగు ఫైలే. ఏం తినాలో, ఎంత నడవాలో డాక్టరుగారు చెబుతారు. పేపర్లలో వస్తుంది. టీవీలో రోజూ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. తెలియక ఆగిపోయిన పని కాదిది. మొదలుపెట్టి మూడో వారంలో మానేయడమే మన రోగం. కాబట్టి ఈ రోజు నేను మాట్లాడేది తిండి గురించి కాదు, మూడో వారం గురించి.

అమెరికాలో న్యూయార్కు నగరంలో జీన్ నైడెచ్ అని ఒక గృహిణి ఉండేది. 1923లో పుట్టింది. భర్త బస్సు డ్రైవరు. మనలాంటి సామాన్య సంసారమే. 1961లో ఆమె బరువు 97 కిలోలు. ఒకనాడు దుకాణంలో తెలిసినావిడ ఎదురై, "చాలా బాగున్నావు, పురుడు ఎప్పుడు?" అని అడిగిందట. ఆమె గర్భవతి కాదు. ఆ మాట తగిలి ఆమె నగర ఆరోగ్యశాఖ వారు నడిపే ఊబకాయుల క్లినిక్కుకు వెళ్ళింది. వాళ్ళు ఒక ఆహార పట్టిక ఇచ్చారు. అది మంచి పట్టికే. పది వారాల్లో 9 కిలోలు తగ్గింది కూడా. కానీ ఆమెకొక రహస్యం ఉంది. బిస్కెట్ల మీద ఉన్న యావ చంపుకోలేక, మాసిన బట్టల బుట్టలో దాచిపెట్టుకుని ఇంట్లోవాళ్ళు చూడకుండా తినేది. ఆ సంగతి క్లినిక్కులో చెప్పడానికి నోరు రాలేదు. అక్కడ పట్టిక ఇచ్చే ఆవిడకు ఎప్పుడూ ఒళ్ళు చేసిన అనుభవం లేనట్టు తోచింది. ఆమెతో చెబితే ఏమనుకుంటుందో అని సంకోచం.

అప్పుడామె ఆరుగురు స్నేహితురాళ్ళను ఇంటికి పిలిచింది. అందరూ ఒళ్ళున్నవాళ్ళే. బిస్కెట్ల సంగతి వాళ్ళ ముందు చెప్పేసింది. చెప్పగానే ఒకరి తర్వాత ఒకరు తమ తమ దాచుడు స్థలాలు బయటపెట్టారు! అందరూ నవ్వుకున్నారు. వచ్చే వారం మళ్ళీ కలుద్దామనుకున్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఆ ఆరుగురు నలభై మంది అయ్యారు. 1962 అక్టోబరు నాటికి ఆమె 64 కిలోలకు దిగింది. 1963లో ఆ కూడికలే ఒక కంపెనీగా మారాయి. పేరు వెయిట్ వాచర్స్. మొదటి బహిరంగ సమావేశం ఒక సినిమా హాలు పైగదిలో పెట్టారు. రుసుము 2 డాలర్లు. 2015లో, 91వ ఏట ఆమె కన్నుమూసేనాటికి ఆ సంస్థ అనేక దేశాలకు పాకింది. తగ్గించిన బరువును ఆమె చివరిదాకా నిలబెట్టుకుంది.

ఈ కథలో నాకు నచ్చినది కంపెనీ కాదు. ఆ కంపెనీ అప్పుల బరువుతో 2025లో కోర్టుకెక్కి దివాలా రక్షణ కోరి, కొద్ది వారాల్లో బయటపడింది. అది వ్యాపారం, దాని గొడవ దానిది. నాకు నచ్చినది ఆ మొదటి ఆరుగురు కూర్చున్న గది. ఆ క్లినిక్కులో ఇచ్చిన పట్టికే ఆ గదిలోనూ నడిచింది. పట్టిక మారలేదు, వినేవాళ్ళు మారారు. అంతకు ముందే, 1948లో, మిల్వాకీ నగరంలో ఎస్తర్ మాంజ్ అనే గృహిణి కొద్దిమంది స్నేహితురాళ్ళతో టాప్స్ అనే సంఘం పెట్టింది. అది లాభం కోసం నడిచేది కాదు. వారం వారం తూకం, ఆ తర్వాత మాటామంతీ. ఈ రోజుకీ నడుస్తోంది. నన్నడిగితే మన సంఘానికి ఈ రెండోదే దగ్గర.

ఇదంతా ఆడవాళ్ళ కబుర్లని తీసిపారేయకండి. వైద్యులు దీన్ని లెక్కగట్టి చూశారు. బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియా దేశాల్లో 772 మందిని తీసుకుని, సగం మందిని మామూలుగా డాక్టరు సలహాకు వదిలేసి, మిగతా సగం మందిని వారంవారం కూడే గుంపులకు పంపారు. ఫలితాలు 2011లో ప్రకటించారు. ఏడాది తిరిగేసరికి డాక్టరు సలహా ఒక్కటే పొందినవారు సగటున రెండుంబావు కిలోలు తగ్గితే, గుంపులో చేరినవారు 5 కిలోలు తగ్గారు. గుంపుల్లో సైతం చివరిదాకా నిలిచినవారు 61 శాతమే. అంటే గుంపు మంత్రమేమీ కాదు, వందలో 39 మంది అక్కడినుంచీ జారిపోయారు.

దానికంటే నాకు ఆసక్తి కలిగించింది 1999లో అమెరికాలో ప్రచురించిన ఇంకొక పరిశోధన. అందులో కొందరిని ఒంటరిగా చేర్చుకున్నారు. ఇంకొందరిని, మీకు తెలిసిన ముగ్గురు స్నేహితులతో కలిసి రండి అని చేర్చుకున్నారు. నాలుగు నెలల శిక్షణ. ఒంటరిగా వచ్చి మామూలు శిక్షణ పొందినవారిలో 76 శాతం మంది పూర్తి చేశారు. స్నేహితులతో వచ్చి, ఒకరికొకరు తోడుండే పద్ధతులు నేర్చుకున్నవారిలో 95 శాతం మంది పూర్తి చేశారు. అసలు సంగతి ఆ తర్వాత. పదో నెలలో చూస్తే, తగ్గిన బరువును ఏమాత్రం పెరగనీయకుండా నిలబెట్టుకున్నవారు ఒంటరివాళ్ళలో 24 శాతం, స్నేహితులతో వచ్చినవాళ్ళలో 66 శాతం. ముగ్గురు స్నేహితులకు ఖర్చేముంది చెప్పండి?

నిలబెట్టుకోవడమే ఎందుకంత కష్టమో కూడా ఒక మాట చెప్పాలి. బరువు తగ్గిన మనిషికి ఆకలి పెరుగుతుంది. 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూసినది, బరువు తగ్గి ఏడాది గడిచాక కూడా ఆకలిని రేపే హార్మోన్లు ఎక్కువగానే ఉన్నాయని. అంటే పోయిన బరువును మళ్ళీ తెచ్చుకోమని ఒళ్ళు రిమైండర్లు పంపుతూనే ఉంటుంది. ఇది మనోబలం లేక కాదు. ఇప్పుడు వారానికొక సూది మందులు వచ్చాయి. 2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలోనూ అమ్మకానికి వచ్చాయి. బాగా పనిచేస్తాయి. కానీ మానేస్తే బరువు మళ్ళీ పెరుగుతుంది. డాక్టరు చూసి ఇవ్వవలసిన మందు అది, పక్కింటివారు చెబితే కొనేది కాదు. ఆ మందు వాడినా, వాడకపోయినా ఒళ్ళు పంపే రిమైండర్లకు జవాబు రాయడానికి ఇంకొక మనిషి పక్కనుండాలి.

ఇక్కడ రెండో వైపు కూడా చెప్పకపోతే అన్యాయం. నలుగురి తోడు మనిషిని లావు కూడా చేస్తుంది. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే పట్టణ ప్రజల్ని 1971 నుంచి 2003 వరకు పరిశీలించిన లెక్కల్లో, 12,067 మంది బంధుత్వాలు, స్నేహాలు చూశారు. ఒకరి స్నేహితుడు స్థూలకాయుడైతే ఆ మనిషి కూడా అలా అయ్యే అవకాశం 57 శాతం పెరిగిందని 2007లో రాశారు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ విషయంలో 40, భార్యాభర్తల విషయంలో 37. లావుగా ఉన్నవాళ్ళు లావుగా ఉన్నవాళ్ళతోనే స్నేహం చేస్తారేమో, అంతమాత్రానికి అంటువ్యాధి అనడమేమిటని ఆ లెక్క మీద తర్వాత విమర్శలూ వచ్చాయి. నాకు ఆ తగవు తీర్చే విద్య లేదు. కానీ మన గోదావరి గట్టు మీద పొద్దున్నే నడిచే బృందాలను మీరూ చూస్తున్నారు. అరగంట నడుస్తారు. ఆ నడకకు ఖర్చయ్యేది సుమారు 120 నుంచి 150 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో ఉండేవి 120 కేలరీలు. నడక అయిపోగానే అందరూ కలిసి హోటలుకు వెళ్ళి ఉప్మా పెసరట్టు తిని, ఎండాకాలమైతే రోజ్‌మిల్క్ కూడా తాగి ఇంటికి చేరుకుంటారు. అదీ నలుగురి తోడే! ఒక్కడే అయితే మొహమాటానికి ఇంటికి పోయి మజ్జిగ తాగేవాడు.

మన మర్యాదలూ అలాంటివే. "నామీద ఒట్టు, ఇంకొక్కటి వేసుకోండి" అనని పెళ్ళి పంక్తి ఎక్కడైనా ఉందా? వద్దంటే వారికి కోపం, వేసుకుంటే మనకు కష్టం. మా గుంపులో ఒక సభ్యుడు దీనికి ఉపాయం చెప్పాడు. విస్తరిలో మొదట్లోనే తీపి కొంచెం కొసరి పక్కన ఉంచుతాడట. వడ్డించేవాడు వచ్చినప్పుడల్లా "ఇదిగో, ఇంకా ఉందండీ" అంటాడు. భోజనం చివర దాకా ఆ ఒక్క ముక్క అతన్ని కాపాడుతుంది. ఇలాంటి ఉపాయాలు ఏ డాక్టరూ చీటీ మీద రాయడు. అదే పంక్తిలో కూర్చున్నవాడే చెప్పాలి.

ఇప్పుడు మా గుంపు సంగతి. మేము తొమ్మిది మందిమి. ఐదుగురు మగవారు, నలుగురు ఆడవారు. ఏడాదిన్నరగా ప్రతి శనివారం ఉదయం 7 గంటలకు ఒకరి ఇంటి వరండాలో కలుస్తున్నాం. ఒక తూకం యంత్రం, ఒక రిజిస్టరు. యంత్రం ఎప్పుడూ అదే, గచ్చు ఎప్పుడూ అదే, చెప్పులు లేకుండా, టిఫిన్ తినకముందు. రిజిస్టరు నాదే కనుక సరిగా ఉంటుందని వేరే చెప్పనక్కరలేదు. అందులో పేర్లు లేవు, నంబర్లే ఉన్నాయి. ఎవరి బరువు వారికి, నాకు తప్ప ఇంకొకరికి తెలియదు. పైకి చెప్పేది తేడా మాత్రమే, అదీ ఇష్టమైతేనే. అర కిలో తగ్గింది, పావు పెరిగింది, అలాగే ఉంది, అంతే. పెరిగిందన్నవారిని ఎందుకని అడగకూడదని మా నిబంధన. వాళ్ళే చెబుతారు. మీరు నమ్మరు గాని, అడగకపోతేనే ఎక్కువ చెబుతారు.

నా లెక్క అడుగుతారు కనుక చెబుతున్నాను. 82 నుంచి 75కు వచ్చాను. ఆరు నెలలుగా అక్కడే ఉంది. తొమ్మిది మందిలో ఇద్దరికి అసలు తగ్గలేదు. వారూ మానలేదు.

మా గుంపులో ఒక సోదరి ఉన్నారు, పేరు చెప్పవద్దన్నారు. ఆఫీసులో టైపిస్టుగా చేశారు. భర్త పోయారు, పిల్లలు విదేశాల్లో. రెండు మోకాళ్ళూ అరిగాయి. ఆపరేషన్ చేయాలంటే ముందు బరువు తగ్గి రమ్మని డాక్టరు పంపించారు. బరువు తగ్గడానికి నడవమన్నారు. నడవడానికి మోకాళ్ళు లేవు! మూడేళ్ళు ఆ రెండు వాక్యాల మధ్య ఆమె ఇంట్లోనే కూర్చున్నారు. మోకాళ్ళ గురించి పరిశోధకులు చెప్పిన లెక్క ఒకటుంది. ఒక కిలో బరువు తగ్గితే, అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని. ఆ లెక్క చెప్పగానే ఆమె, "అయితే రెండు కిలోలు చాలు, ఎనిమిది దిగుతుంది" అన్నారు. ఆమె ఇబ్బంది పగలు కాదు, రాత్రి. ఒంటరి ఇంట్లో ఎనిమిది గంటలు దాటాక జంతికల డబ్బా, టీవీ. అందుకని మా గుంపులోని మిగతా ముగ్గురు సోదరీమణులూ రాత్రి ఎనిమిదింటికి వంతుల వారీగా ఆమెకు ఫోను చేయడం మొదలుపెట్టారు. తిండి మాటే ఎత్తరు. సీరియల్ గురించి, మనవల గురించి, పది నిమిషాలు. ఎనిమిది నెలల్లో ఆమె 84 నుంచి 77కు వచ్చారు. మొన్న కార్తీక మాసంలో ఘాటు మెట్లు నాలుగు దిగి నీళ్ళలో దీపం వదిలారు. ఆపరేషన్ తేదీ ఇంకా ఖాయం కాలేదు.

దూరాన ఉన్నవారి తోడు పనిచేస్తుందా అని కొందరు అడిగారు. పనిచేస్తుందనే అనుకుంటున్నాను. చెన్నైలోని మధుమేహ వైద్యులు డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం, షుగరు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 537 మంది ఉద్యోగులైన మగవారి మీద చేసిన పరిశోధన 2013లో వచ్చింది. సగం మందికి తిండి, వ్యాయామం గురించి రెండేళ్ళ పాటు సెల్‌ఫోనుకు చిన్న సందేశాలు పంపారు. సందేశాలు అందినవారిలో 18 శాతం మందికి షుగరు వచ్చింది, అందనివారిలో 27 శాతం మందికి. అవి కేవలం మెసేజిలు. అటువైపు మనిషి ఉండి పలకరిస్తే ఇంకెంత ఉంటుందో! మన వాట్సాప్ గ్రూపు కూడా ఉంది గాని, అందులో పొద్దున్నే గులాబీ పూలు, దేవుడి బొమ్మలు, కాకరకాయ రసంతో షుగరు మాయమన్న వార్తలు తప్ప ఏమీ రావు. మా తొమ్మిది మందికీ వేరే గ్రూపు పెట్టుకున్నాం. ఊరు వెళ్ళినవారు అక్కడి తూకం శనివారం అందులో పెడతారు. పూలు పెడితే తీసేస్తాం.

మన వయసువారికి రెండు మూడు జాగ్రత్తలు చెప్పకుండా ముగించలేను. మనం పాతికేళ్ళ వాళ్ళం కాదు. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ పోతుంది. కండ పోతే పడిపోతాం, పడితే తుంటి ఎముక. కాబట్టి నెలకు కిలో, కిలోన్నర చాలు. పప్పు, పెరుగు, గుడ్డు, తినేవారైతే చేప మానకూడదు, తగ్గించేది అన్నం, నూనె, తీపి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చునే వ్యాయామం నడక ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. షుగరుకు ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వాడేవారు తిండి తగ్గించే ముందే డాక్టరుకు చెప్పాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గిపోతున్నవారు మా గుంపులోకి రావద్దు, సంతోషపడవద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.

"ఈ వయసులో తగ్గి ఎవరిని ఉద్ధరించాలి?" అని మన కార్యవర్గంలోనే ఒక మిత్రుడు అన్నాడు. అమెరికాలో 2002లో వెలువడిన పెద్ద పరిశోధనలో, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవారిలో షుగరు రావడం 58 శాతం తగ్గింది. అదే 60 ఏళ్ళు దాటినవారిలో 71 శాతం తగ్గింది. కుర్రవాళ్ళకంటే మనకే ఎక్కువ మేలు జరిగిందన్నమాట. ఆ మిత్రుడు ఈ సభలోనే, మూడో వరుసలో ఉన్నాడు. ఆయన నడుము ఎంతో నేను చెప్పను.

ఇక దరఖాస్తు. వరండాలో తొమ్మిది మందికి చోటు సరిపోతోంది, ఇంకో పదిమంది వస్తామంటున్నారు. మన సంఘం గది శనివారం ఉదయం 7 నుంచి 8 వరకు ఖాళీగా ఉంటుంది. ఆ గంట మాకు ఇవ్వమని సెప్టెంబరులో రాసి ఇచ్చాను. ఇన్‌వార్డు నంబరు కూడా నా దగ్గర ఉంది. ఆడవారు అందరి ముందు తూకం ఎక్కరని కార్యవర్గంలో అభ్యంతరం చెప్పారట. తూకం యంత్రాన్ని బీరువా వెనక పెడతాం, అక్కడ టైపిస్టు సోదరిగారే నంబర్లు రాస్తారు. యంత్రం మాదే, చాపలు మావే, సంఘానికి పైసా ఖర్చు లేదు. ఉదయం ఊడ్చి తాళం మళ్ళీ వాచ్‌మన్‌కు ఇచ్చే పూచీ నాది.

రిజిస్టరు రెండో పుస్తకం గుమ్మం పక్క బల్ల మీద పెట్టాను. చేరదలచినవారు ఫోను నంబరు మాత్రం రాయండి, బరువు రాయనక్కరలేదు. వీలైతే మరో ఇద్దరు ముగ్గురు స్నేహితులను వెంట తీసుకురండి. అధ్యక్షులు గారు ఈ సభ ముగిసేలోగా తాళం విషయం తేల్చితే, వచ్చే శనివారం నుంచే మొదలుపెడతాం. భోజనాల వేళ అయింది, బూరెలు వేయించారని వాసన చెబుతోంది.